కొండలెక్కిన కోట

సాలూరు సంత వెనకబడింది. ముందు నడిచే పెరికెద్దు మెడలో గంట మోగుతోంది. ఆ చప్పుడు పట్టుకుని వెనకటి ఎద్దులు ఒక్కొక్కటే కొండదారి ఎక్కుతున్నాయి. ప్రతి ఎద్దు వీపు మీదా అటొక మూట, ఇటొక మూట. రెండింటి నిండా సముద్రపు ఉప్పే. మీరు లంబాడీల బిడారు వెంట నడుస్తున్నారు. కాలికింద రాయి జారుతోంది. ఒకవైపు లోయ, ఒకవైపు వెదురు. పక్కన నడుస్తున్న నాయకుడు నోరు విప్పడు. ఈ ఎక్కుడులో మాటలకు ఖర్చుపెట్టేంత ఊపిరి ఎవరి దగ్గరా లేదు.

ఇది పదిహేనో శతాబ్దం మధ్యకాలం. సుంకి దగ్గర లారీల బారు లేదు, పొట్టంగి మలుపుల్లో హారన్ల మోత లేదు. కొండ మాత్రం ఇదే. తీరమైదానం నుంచి కొరాపుట్ పీఠభూమికి ఇంచుమించు మూడు వేల అడుగులు ఎక్కాలి. ఇప్పటి ఒడిశా మొత్తంలోకీ ఎత్తైన దేవమాలి శిఖరం, 1,672 మీటర్లది, ఈ చుట్టుపక్కలే ఉంది. కింద చెమటతో తడిసిన గుడ్డ పైకి వచ్చేసరికి వీపు మీదే చల్లబడి వణుకు పుట్టిస్తోంది.

ఒక్క క్షణం ఆగి వెనక్కి చూడండి. మైదానంలో కోట కట్టించాలంటే రాజు కందకం తవ్వించాలి, బురుజులు లేపాలి, ఏనుగులు గుద్దినా చెక్కుచెదరని తలుపులు చేయించాలి. ఇక్కడ ఆ పనంతా కొండ చేసిపెట్టింది. శత్రువు గుర్రం ఈ దారి ఎక్కలేదు. ఎక్కినా దానికి మేత దొరకదు. బండి రాదు కాబట్టి ఫిరంగి రాదు. మనం చూడబోతున్న రాజవంశం ఇక్కడ సుమారు ఐదు వందల ఏళ్ళు నిలిచింది. అందుకు మొదటి కారణం మీ పిక్కలు పీకుతున్న ఈ ఎక్కుడే.

నందపురం: ముప్పై రెండు మెట్లు

ఒక సాయంత్రం నందపురం చేరతారు. పొలాల్లో చోళ్ళు కోతకొచ్చాయి. గదబ ఆడవాళ్ళు గంపలెత్తుకుని ఇళ్ళకు పోతున్నారు. పొయ్యిల పొగ లోయలో అడ్డంగా పరుచుకుంది. ఉప్పు వచ్చిందన్న కబురు మీకన్నా ముందే ఊరు చేరింది. ఉప్పుకు మారుగా ఇచ్చేందుకు చింతపండు, పసుపు, ఇప్పపువ్వు, తేనె గడపల్లోకి వచ్చేశాయి.

రాత్రి మంట చుట్టూ ఒకటే కథ. ఇక్కడ ముందు ఏలినవాళ్ళు శిలావంశపు రాజులు. ఆఖరి రాజుకు కొడుకులు లేరు. కాశీలో దేవుణ్ణి కొలుస్తున్న వినాయకదేవుడనే సూర్యవంశపు యువకుడికి, నందపురం పొమ్మని కలలో ఆనతి అయింది. వచ్చాడు. రాజు కూతుర్ని ఇచ్చి పెళ్ళి చేశాడు, రాజ్యమూ అప్పగించాడు. ఎక్కడివాడో వచ్చి మమ్మల్ని ఏలడమేమిటని జనం తిరగబడ్డారు. అల్లుడు కొండ దిగి వెళ్ళిపోవలసి వచ్చింది. అప్పుడు అతన్ని ఆదుకున్నది మరో రాజు కాదు, ఒక లంబాడీ వర్తకుడు. ఆయన ఎద్దుల మందనూ ధనాన్నీ అండగా పెట్టాడు. వాటి బలంతో మళ్ళీ మనుషుల్ని కూడగట్టుకుని వినాయకదేవుడు నందపురం ఎక్కాడు. వంశచరిత్ర ఈ సంగతిని 1440ల ప్రాంతంలో పెడుతుంది. కలను నమ్మినా నమ్మకపోయినా ఎద్దుల సంగతి నమ్మదగిందే. ఉప్పు దారి ఎవరి చేతిలో ఉంటే ఈ కొండల మీద రాజ్యం వారిది. సముద్రం నుంచి బస్తరు దాకా ప్రతి కుటుంబానికీ ఆ ఉప్పు కావాలి.

తెల్లవారింది. కొలువు చూడటానికి పదండి. ఎదురుగా రాతి మెట్లు, ఒకదాని మీద ఒకటి, ముప్పై రెండు. వాటిపైన రాజు కూర్చుంటాడు. ముప్పై రెండు సాలభంజికలున్న విక్రమార్కుడి సింహాసనం కథ పెద్దబాలశిక్ష నాటి నుంచీ మనకు తెలిసిందే. కొండమీది రాజుకూ ఆ కథ తెలుసు. దానిమీద కూర్చునే అర్హత తనకుందని కింద నిలబడ్డ నాయకులందరికీ చూపించాలి. ఒక్కో కొండ నాయకుడూ వచ్చి కానుక దించి దండం పెడుతున్నాడు. రాజు తల పైకెత్తి చూడవలసిన పనిలేదు. మెట్లే ఎవరెంత దూరంలో ఉండాలో చెబుతున్నాయి.

ఈ రోజు కొరాపుట్ నుంచి బస్సెక్కి నందపురం వెళితే ఆ మెట్ల శిథిలాలు కనిపిస్తాయి. వాటిని ఇప్పటికీ ముప్పై రెండు మెట్ల సింహాసనమనే పిలుస్తారు. ఊరి దగ్గర నిలువెత్తు గణపతి విగ్రహం ఉంది. అంతఃపురం లేదు, కొలువుకూటం లేదు. గడ్డి మొలిచిన రాళ్ళ మధ్య మేకలు మేస్తున్నాయి.

రాయగడ: కోట నడిమింట అమ్మ

ఇప్పుడు తూర్పుకు దిగండి. నాగావళి ఒడ్డున రాయగడ. సంవత్సరం 1571.

ఇక్కడికి రావడానికి కారణం కొండల కింద జరిగిన మార్పు. నందపురం రాజులకు పైన కటకం గజపతులు ఉండేవారు. 1516లో శ్రీకృష్ణదేవరాయలు సింహాచలం దాకా వచ్చి శాసనం వేయించాడు, పొట్నూరులో జయస్తంభం నాటించాడు. ఆ దెబ్బ నుంచి గజపతుల బలం కోలుకోలేదు. 1540లో ప్రతాపరుద్ర గజపతి పోయాక తూర్పు తీరమంతటికీ దిక్కులేకుండా పోయింది. అప్పుడు నందపురంలో ఉన్న విశ్వనాథదేవుడు, వంశావళి ప్రకారం 1527 నుంచి 1571 దాకా ఏలినవాడు, తానే గజపతినన్నాడు. రాజధానిని రాయగడకు దించాడు. నాగావళి లోయ పట్టుకుంటే కళింగ మైదానం మీద చెయ్యి వేయవచ్చు.

విశ్వనాథదేవుడికి తలమీద రాజు లేడు. కానీ కొండ దిగి నది ఒడ్డుకు వచ్చిన రోజునే ఆయన కొండ ఇచ్చిన రక్షణ వదులుకున్నాడు.

కోటలోకి నడవండి. చుట్టూ గోడ, గోడ లోపల నగళ్ళు, నగళ్ళ నడుమ అమ్మవారి గుడి. అమ్మను మఝిఘరియాణి అంటారు. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళు మజ్జిగౌరమ్మ అని మొక్కుతారు. అమ్మవారి ముఖమే దర్శనమిస్తుంది. దీపం వెలుగులో ఆ కళ్ళు పెద్దవిగా కనిపిస్తాయి. ఇవాళ గుడిలో పూజ తొందరగా ముగుస్తోంది. బయట గుర్రాల పరుగు. గోలకొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా సేనాని రఫత్‌ఖాన్ రాజమహేంద్రవరం దిశ నుంచి వస్తున్నాడన్న కబురు. కళింగం ఒక్కో కోటే అతనికి తలవంచుతోంది.

తర్వాత జరిగింది స్థలపురాణం చెబుతుంది. విశ్వనాథదేవుడు యుద్ధంలో పడిపోయాడు. ఆయన రాణులు 108 మంది అగ్నిప్రవేశం చేశారు. ఆ చోటును సతీకుండమని చూపిస్తారు. లెక్క ఎంతన్నది వదిలేద్దాం. ఒక కోట ఓడితే అందులోని ఆడవాళ్ళకు ఏమయ్యేదో ఆ కథ దాచకుండా చెప్పింది. విజేత శాసనాల్లో వాళ్ళ ఊసుండదు, అమ్మ గుడికి వచ్చిన జనం నోట మాత్రం నాలుగు శతాబ్దాలుగా ఉంది. విశ్వనాథదేవుడి తర్వాత గద్దెనెక్కిన బలరామదేవుడు గోలకొండకు కప్పం కట్టవలసి వచ్చింది. వంశం మళ్ళీ కొండ ఎక్కింది.

కోట మట్టిలో కలిసింది, గుడి మరుగునపడింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు విజయనగరం నుంచి రాయపూరు రైలుమార్గం వేస్తూ ఝంఝావతి మీద వంతెన కడుతుంటే అది నిలవలేదట. గుత్తేదారుకు అమ్మవారు కలలో కనిపించి ముందు తనకు గుడి కట్టమందట. కట్టాడు, వంతెన నిలిచింది. ఇప్పుడు చైత్రంలో రాయగడ స్టేషనులో దిగే జనాన్ని చూడండి. పార్వతీపురం వాళ్ళు, బొబ్బిలి వాళ్ళు, కొత్త బండి కొన్న వాళ్ళు, మొక్కు తీరిన వాళ్ళు. రాజు తన కోటకు కాపలాగా పెట్టుకున్న దేవత కోట పోయాక అందరికీ తల్లి అయింది.

జయపురం: మళ్ళీ ఒక గోడ

నడక ఇప్పుడు పడమటికి. నందపురం నుంచి మెట్టుమెట్టుగా దిగితే రెండు వేల అడుగుల ఎత్తున విశాలమైన వరిభూమి పరుచుకుని ఉంది. పదిహేడో శతాబ్దం మధ్య. వీరవిక్రమదేవుడు (1637–1669) ఇక్కడ కొత్త రాజధాని కట్టిస్తున్నాడు. నందపురం వంశానికి అచ్చిరాలేదని జ్యోతిష్కులు చెప్పారట. జ్యోతిషం మాట ఎలా ఉన్నా వరి మాట గట్టిది. కొలాబ్ నది నీళ్ళు, నల్లని పల్లపు మడులు, ఏ మడికి తగిన ఏ వడ్లో తరతరాలుగా ఏరిపెట్టుకున్న రైతులు. 1950లలో శాస్త్రవేత్తలు ఈ జయపురం ప్రాంతమంతా తిరిగి వందల కొద్దీ నాటు వరి రకాలు సేకరించారు. ఆసియా వరి పుట్టుక గురించి రాసేవాళ్ళలో చాలామంది ఈ నేల పేరు ఎత్తుతారు. 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కొరాపుట్ సేద్యాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. సైన్యాన్ని పోషించే రాజుకు ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

పనివాళ్ళ మధ్యకు వెళ్ళండి. మట్టి తొక్కుతున్నారు. ఇద్దరు మోసే కావళ్ళతో రాళ్ళు వస్తున్నాయి. ఒకడు పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటున్నారు. వీళ్ళలో ఎక్కువమందికి కూలి లేదు. ఊరి వంతు ప్రకారం వెట్టికి వచ్చారు. కోట కట్టేటప్పుడు రాజు పేరు ఒకటే చరిత్రకెక్కుతుంది, మట్టి తొక్కిన కాళ్ళ పేర్లు ఎక్కవు. ఈ సంగతి గుర్తుంచుకుని ముందుకు నడవండి, చివర్లో మనకు పనికొస్తుంది.

జయపురం బలంగా ఉన్న రోజుల్లో కొండ అంచు జమీందార్లు చాలామంది దానికి లోబడ్డవాళ్ళే. సాలూరు, పాచిపెంట, కురుపాం, మేరంగి, ఆండ్ర, మాడుగుల పేర్లు ఆ జాబితాలో కనిపిస్తాయి. అంటే ఈ కోట గుమ్మంలో రెండు భాషలు ఎప్పుడూ కలిసే ఉన్నాయి. అంతఃపురంలో ఒడియా, అంగట్లో తెలుగు, దారిపొడవునా కువి, గదబ, పరజ మాటలు. ఇప్పటికీ జయపురం బజారులో తెలుగులో బేరమాడితే తెలుగులోనే జవాబొస్తుంది.

1775: ఫిరంగి కొండెక్కిన రోజు

పద్దెనిమిదో శతాబ్దంలో కొండ కింద కొత్త బలం లేచింది. విజయనగరం పూసపాటివారు అంచు జమీందార్లను ఒక్కొక్కరినే తమ కింద కలుపుకుంటున్నారు. జయపురం కూడా తమకు కప్పం కట్టాలన్నారు. పూసపాటి సీతారామరాజు వెనక ఈస్టిండియా కంపెనీ ఉంది. జయపురంలో ఒకటో విక్రమదేవుడు ఉన్నాడు.

గోడ మీదకు ఎక్కండి. తూర్పున దుమ్ము. కంపెనీ కెప్టెన్ మాథ్యూస్ బలగం వస్తోంది. మూడు వందల ఏళ్ళు ఎవరికీ లొంగని ఎక్కుడు ఎక్కి, గుండూ మందూ మోయించుకుని వచ్చేసింది. ఎవరు మోశారు? కింది ఊళ్ళ నుంచి పట్టుకొచ్చిన మనుషులూ ఎద్దులే. కొండను గెలవాలంటే ఫిరంగి ఒక్కటే చాలదు, దాన్ని మోసే వీపులు కావాలి. ఆ రహస్యం తెలిసిన రోజున కొండ కోటగా ఉండటం మానేసింది.

1775లో జయపురం కోట పడిపోయింది. గెలిచినవాళ్ళు గోడల్ని నేలమట్టం చేయించారు. వీరవిక్రముడి కాలంలో వెట్టివాళ్ళు తొక్కిన మట్టి మళ్ళీ మట్టిలో కలిసింది.

వంశం మాత్రం పోలేదు. కొండల నడుమ నారాయణపట్నం కొంతకాలం రాజనివాసమైంది. పందొమ్మిదేళ్ళు గడిచాయి. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర కంపెనీ సేన చేతిలో విజయనగరం రాజు చినవిజయరామరాజు నేలకొరిగాడు. నిన్న తోడు తెచ్చుకున్న బలమే పూసపాటివారిని మింగింది. ఆ కల్లోలంలో జయపురం రాజు రామచంద్రదేవుడు కంపెనీ పక్షాన ఉన్నాడు. బదులుగా ఆయనకు నేరుగా సనదు దొరికింది. శాశ్వత పైసలా వచ్చాక కంపెనీకి కట్టవలసిన పేష్కష్ ఏడాదికి 16,000 రూపాయలుగా తేలింది. గజపతినన్న విశ్వనాథదేవుడి వారసుడు ఇప్పుడు జమీందారు. కింద విశాఖపట్నంలో కలెక్టరు కూర్చున్నాడు. జయపురం మద్రాసు రాజధానిలో ఒక మూల.

1863: చలిజ్వరం కాపలా

గోడలు లేని ఊరికి ఇంకా ఒక కాపలా మిగిలింది. రాత్రి దీపం దగ్గర చెవిలో సన్నగా పాడే దోమ, అది తెచ్చే జ్వరం. మన్యం జ్వరమని పేరు చెబితేనే మైదానం వాళ్ళు భయపడేవారు. కొండవాళ్ళ పిల్లలు చిన్నప్పుడే దానితో పోరాడి, చావగా మిగిలినవాళ్ళు ఒంట్లో కొంత ఓర్పు తెచ్చుకునేవారు. బయటివాడికి ఆ ఓర్పు లేదు. వాన వెలిసిన నెలలో వచ్చిన సిపాయి చలి తగ్గేలోగా పాడెక్కేవాడు.

రాజకుటుంబంలో తండ్రి పక్షం, కొడుకు పక్షం కొట్టుకుంటున్నా, కొండల్లో సతి, నరబలి సాగుతున్నాయన్న నివేదికలు పోతున్నా, దొరలు పైకొచ్చి కాపురం పెట్టడానికి చాలాకాలం వెనకాడటానికి ఈ జ్వరం పెద్ద కారణం. చివరికి 1863లో లెఫ్టినెంట్ స్మిత్ జయపురంలో అసిస్టెంట్ ఏజెంటుగా దిగాడు. పోలీసు ఠాణాలు వచ్చాయి, కచేరీ వచ్చింది, రాజు తీర్పులు చెప్పే రోజులు ముగిశాయి.

ఆ కచేరీలోకి తొంగి చూడండి. గుమాస్తా ముసుగుతన్ని మూలుగుతున్నాడు. జవాను క్వినైన్ పొట్లం విప్పుతున్నాడు. బల్లమీద దస్తావేజులు కదలక పడివున్నాయి. ఏడేళ్ళకు ప్రభుత్వం ఈ ఊరితో పడలేక కచేరీని పైకి, కొరాపుట్‌కు, 1870లో తరలించింది. గాలి మంచిదనుకున్నారు. జ్వరం అక్కడా వదల్లేదు. ఇవాళ కొరాపుట్ జిల్లా కేంద్రంగా ఉందంటే దానికి మూలం జయపురం దోమలే. కోట గోడ చేయలేని పని దోమ చేసింది. ఇది చెప్పి మురిసిపోవలసిన సంగతి కాదు. అదే జ్వరం గడప గడపలోనూ కొండబిడ్డల్ని తీసుకుపోయింది.

1931: పుస్తకాలతో వచ్చిన రాజు

జయపురంలో ఇప్పుడు మీరు నిలబడ్డది కోట ముందు కాదు, మహలు ముందు. ఎత్తైన సింహద్వారం, లోపల పొడవాటి వసారాలు, దగ్గర్లో రఘునాథుడి గుడి, ఊరి నడుమ జగన్నాథసాగరం చెరువు. దసరా రోజులు. పల్లెపల్లె నుంచి దేవతల లాఠీలు డప్పులతో ఊరేగి వస్తున్నాయి. ముఠాదార్లు, నాయకులు, వడ్లు అమ్మడానికి వచ్చిన రైతులు, సారా కొట్ల సోండీలు, తెలుగు కోమట్లు, అందరూ ఒకే వీధిలో. దుమ్ములో బంతిపూల వాసన కలిసింది.

నాలుగో రామచంద్రదేవుడు 1917–1923 మధ్య విశాఖ సముద్రం ఒడ్డున హవామహల్ కట్టించాడు. బీచ్ రోడ్డు మీద మనం రోజూ చూసే ఆ మేడ ఈ వంశానిదే. 1931లో ఆయన పోయాక గద్దె విక్రమదేవవర్మకు వచ్చింది. అప్పటికే ఆయనకు అరవై దాటాయి. పుట్టింది 1869లో. సంస్కృతం, ఒడియా, తెలుగు నేర్చి, ఒడియాలోనూ తెలుగులోనూ రచనలు చేసినవాడు. సాహిత్య సామ్రాట్ బిరుదున్నవాడు. పూర్వీకులు కత్తి పట్టుకుని కూర్చున్న చోట ఆయన కవుల్ని కూర్చోబెట్టుకున్నాడు.

ఆ కొలువులో ఒక మూల నిలబడి వినండి. ఒక పండితుడు తెలుగు పద్యం చదివితే పక్కాయన ఒడియాలో మెచ్చుకుంటున్నాడు. రాజు రెండూ విన్నాడు. ఆయనే ఒడియా మాట్లాడే ప్రాంతాలన్నీ ఒక రాష్ట్రం కావాలన్న ఉద్యమానికి అండగా నిలిచాడు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది, కొరాపుట్ మద్రాసు నుంచి విడిపోయి అందులో కలిసింది. ఆయనే 1926లో పుట్టి నిలదొక్కుకోవడానికి తంటాలు పడుతున్న ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు రాసిచ్చాడు. వాల్తేరులో సైన్సు కళాశాలకు జయపూర్ విక్రమదేవ్ పేరు అలా వచ్చింది. రాష్ట్రం విషయంలో ఒక భాషవైపు నిలిచి, చదువు విషయంలో ఇంకో భాషవారిని మరవని మనిషి. హద్దుల కోసం గొంతులు చించుకునే మన కాలానికి ఆయన నడవడి ఒక పాఠం. 1947లో జయపురంలోనూ ఆయన పేరిట కళాశాల వెలిసింది. ఇప్పుడది విశ్వవిద్యాలయం.

ఒక్క లెక్క చూడండి. కంపెనీ ఈ వంశం మీద వేసిన పేష్కష్ ఏడాదికి 16,000. ఆఖరి పెద్దరాజు చదువుకు రాసిచ్చింది ఏడాదికి 1,00,000. దొరలకు కట్టినదానికి ఆరింతలు పిల్లల చదువుకు వెళ్ళింది. ఐదు వందల ఏళ్ళలో ఈ ఇంటివాళ్ళు కట్టిన కోటలు పోయాయి, ఇది నిలిచింది.

ఆ లక్ష ఎవరిది?

మహలు వెనక దారిన బయటికి రండి. ఒక పరజ రైతు నేలమీద గొంతుక్కూర్చున్నాడు. పెళ్ళికి చేసిన అప్పుకు గోతీ అయ్యాడు. షావుకారు పొలంలో తాను చేస్తున్నాడు, తన తర్వాత కొడుకు చేస్తాడు. కొరాపుట్‌లో అధికారిగా పనిచేసిన గోపీనాథ్ మహంతి 1945లో వెలువరించిన పరజ నవల ఈ గోతీ బతుకుల మీదే. అడవిలో కట్టె కొడితే జరిమానా, కొండపోడుకు పన్ను, దొర పల్లకికి వెట్టి.

1942 ఆగస్టు 21. మల్కన్‌గిరి వైపు మత్తిలి ఠాణా ముందు జనం మధ్య నిలబడండి. ముందు నడుస్తున్నది తెంతులిగుమ్మ లక్ష్మణ్ నాయక్. ఆయన తండ్రి జయపురం సంస్థానం కింద ముఠాదారు. సంస్థానానికి పన్ను వసూలు చేసే ఇంట్లో పుట్టినవాడే ఆ పన్ను కట్టేవాళ్ళ పక్షం చేరి గాంధీ జెండా పట్టుకున్నాడు. కాల్పులు జరిగాయి. మనుషులు నేలకొరిగారు. ఒక అటవీ ఉద్యోగిని చంపాడన్న నేరం లక్ష్మణ్ నాయక్ మీద మోపి 1943 మార్చి 29న బరంపురం జైలులో ఉరితీశారు.

విక్రమదేవవర్మ 1951లో కన్నుమూశాడు. మరుసటి ఏడాదే సంస్థానాన్ని ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. 1992 అక్టోబరు 2న పాత కొరాపుట్ జిల్లా నాలుగు ముక్కలైంది: కొరాపుట్, రాయగడ, నవరంగపూర్, మల్కన్‌గిరి. ఒకప్పటి రాజ్యం ఇప్పుడు నాలుగు కలెక్టరేట్లు.

నందపురం మెట్లకు రాళ్ళు మోసినవాళ్ళు, రాయగడ కోటకు గోడలు పెట్టినవాళ్ళు, జయపురం మట్టి తొక్కినవాళ్ళు, ముఠాదారు ఇంటి ముందు చోళ్ళు కొలిచి పోసినవాళ్ళు ఒకరే. రాజు ఇచ్చిన లక్షా వాళ్ళ చేతుల మీదుగా వచ్చిందే. విక్రమదేవవర్మ గొప్పతనం ఆ సొమ్మును ఇంకో గోడకో ఇంకో మేడకో పెట్టకుండా తరగతి గదికి మళ్ళించడంలో ఉంది. ఆ సొమ్ము పుట్టిన చెమట మాత్రం గదబలది, పరజలది, కోందులది.

వాల్తేరు కొండమీది ప్రయోగశాలల్లో చదువుకుని దేశదేశాల్లో స్థిరపడ్డ తెలుగువాళ్ళు వేలమంది ఉన్నారు. వాళ్ళ చదువు ఖర్చులో కొంత మన్యం కట్టింది. ఆ మన్యం పిల్లలు కొందరు ఇప్పటికీ పెద్ద చదువు కోసం అదే కొండదారి దిగి వస్తున్నారు. వాళ్ళకు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చోటివ్వడం, నందపురం శిథిలాల చుట్టూ కంచె వేయించి ఆ మెట్ల చరిత్రను తెలుగులో, ఒడియాలో, అక్కడి కొండ భాషల్లో బోర్డు మీద రాయించడం దానధర్మం కిందికి రావు. అవి మనం ఏటా లక్ష చొప్పున తీసుకున్న అప్పుకు ఇవ్వవలసిన జమ.